నేను పంజగుట్ట మాస్టరు శిష్యుణ్ణి కాను

ఈ సంగతి ఎవరో ఒకరు రాసి పెట్టకపోతే అబద్ధమే చరిత్ర అయి కూర్చుంటుంది. పోయిన నెల మా చర్చి హాల్లో, ఎప్పుడో కాలం చేసిన ఒక ఇంగ్లీషు మాస్టరుకు సంస్మరణ సభ జరిపారు. పటానికి దండ వేశారు. అమీర్‌పేట, పంజగుట్ట వాళ్లకు ఇంగ్లీషు భిక్ష పెట్టిన మహానుభావుడని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, పళ్లు మాత్రం నాకంటే తక్కువున్నవాడు ఒకాయన మైకు పట్టుకుని నా వైపు చెయ్యి చూపించాడు. "గా పెద్దమనిషి సుత సారు శిష్యుడే. సారు నేర్పిన ప్రిపోజిషన్లతోటే మిలిటరీ గోదాంల నౌకరీ కొట్టిండు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను లేచి కాదనబోయాను. ఆ చప్పట్లలో నా గొంతు నాకే వినపడలేదు. కాగితానికి ఆ బాధ లేదు కనుక ఇక్కడ చెబుతున్నాను.

మా అయ్య అమీర్‌పేటలో ఒక బంగళాలో తోట చూసే మాలి. ఆ రోజుల్లో అమీర్‌పేట అంటే నాలుగైదు బంగళాలు, వాటి చుట్టూ తోటలు, తోటల వెనక మాలాంటి వాళ్ల గదులు. మా గది అయ్య పనితో వచ్చింది. పని పోతే గదీ పోతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అయ్య మోకాళ్లు పడిపోయాయి. కూర్చుంటే లేవలేడు, కుండీ ఎత్తితే దించలేడు. బంగళా వ్యవహారాలు చూసే మున్షీ వచ్చి, "వానలు పోయేదాంక ఉండుండ్రి. ఎన్క కొత్త మాలీ వస్తుండు" అని చెప్పిపోయాడు. ఆ పని నాకే ఇమ్మని అడిగితే, తన బావమరిది కొడుకును ముందే ఖాయం చేసుకున్నానన్నాడు. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. నా తర్వాత ఇద్దరు చెల్లెళ్లు. అమ్మ ఆ రోజు నుంచి ఏ వస్తువు చూసినా, దీన్ని ఎక్కడికి మోసుకుపోవాలన్నట్టు చూసేది.

అప్పుడే కబురు తెలిసింది. బేగంపేటలో విమానాల మైదానం పక్కన యుద్ధం కోసం కట్టిన ఒక గోదాములో గుమాస్తా కావాలట. ఒక్కడే కావాలి. ఇంగ్లీషు చదివి రాయగలగాలి. వానలు పోయేలోపే పరీక్ష.

నేను మిషన్ బడిలో తెలుగు, సర్కారు బడిలో మిడిల్ దాకా ఉర్దూ చదివాను. ఇంగ్లీషు ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకుంటున్నాను. ఆ మాట అయ్యకు నచ్చేది కాదు. "ఒక్కనివి మూలకు కూసుంటవు, పెదిమెలు సుత కదపవు. గది సదువెట్లయితది బిడ్డా? గా పంజగుట్ట పంతులు దగ్గర సూడు, పిలగాండ్లు ఎంత సక్కగ పాడుతున్నరో" అన్నాడు.

అయ్యను తప్పుపట్టి లాభం లేదు. మా చర్చి వాళ్లకు చదువంటే పాటే. వాక్యం నేర్చినా పాడి నేర్చారు, పది ఆజ్ఞలు నేర్చినా పాడి నేర్చారు. నలుగురు కలిసి గొంతెత్తి పాడితే వచ్చినట్టే లెక్క. ఎవరికి ఎంత అర్థమైందో విడిగా అడిగే అలవాటు మాలో లేదు. అడిగితే మర్యాద కాదు కూడా. పంజగుట్ట మాస్టరు ఈ కిటుకు పట్టుకున్నాడు.

ఆయన కోస్తా నుంచి వచ్చినవాడు. మెట్రిక్ పాసయ్యానని ఆయనే అనేవాడు. సర్టిఫికెట్ వరదలో పోయిందని కూడా ఆయనే అనేవాడు. మా వాళ్లు 'పంతులు' అంటే, "పంతులు కాదండీ, మాస్టరు గారు" అని దిద్దేవాడు. దిద్దడమంటూ ఆయనకు చేతనైనది అదొక్కటే. పంజగుట్టలో పెద్ద బండ పక్కన ఆయన ఇల్లు. సాయంత్రం వసారాలో పాతిక మంది కూర్చుని, తొడల మీద తాళం వేస్తూ పాడేవారు. ఇన్ అంటే లో, ఆన్ అంటే మీద, ఎట్ అంటే వద్ద, అండర్ అంటే కింద. అలా ఇరవై ఏడు. చివరికి వచ్చాక మళ్లీ మొదటి నుంచి. దారిన పోయేవాళ్లు ఆగి విని, మన పిల్లలు ఇంగ్లీషు పాడుతున్నారని మురిసిపోయేవారు.

అయ్య మాట తీసెయ్యలేక నేనూ పోయాను. తొమ్మిది సాయంత్రాలు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. నన్ను ఆయన శిష్యుడనే వాళ్లకు ఉన్న ఆధారమంతా ఆ తొమ్మిది సాయంత్రాలే.

తొమ్మిదో రోజు నేను చెయ్యి ఎత్తాను. "మాస్టరు గారూ, ఆన్ అంటే మీద అన్నరు కద. గోడకు పటం ఉన్నదని చెప్పాలంటే ఏమనాలె? పటం గోడ మీద కూసోలే, గోడ లోపల లేదు."

తాళం ఆగిపోయింది. మాస్టరు కళ్లజోడు తీసి చూశాడు. "ఏంటి?"

"గోడకు పటం, మాస్టరు గారూ."

"మన వరసలో పటం ఉందా?"

"లేదు."

"గోడ ఉందా?"

"లేదు."

"మరి ఎందుకయ్యా నీకు? నీ ఒక్కడి కోసం పాతిక మంది వరస తప్పాలా? కూర్చో."

నా పక్కనున్నవాడు, దర్జీ కొడుకు, నా చిన్ననాటి సోపతిగాడు, ఊరుకున్నాడా? "గా మున్షీ వీళ్లను ఎళ్లగొడుతుండు సార్. ఇంక గోడెక్కడిది, పటమెక్కడిది" అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టరు కూడా నవ్వాడు. నేను చాప మీంచి లేచి వచ్చేశాను.

నా చదువు ఎక్కడ జరిగిందో చెబుతాను. ఖైరతాబాద్ మీదుగా నడిచి పోతే రెసిడెన్సీ వైపు ఒక గ్రంథాలయం ఉండేది. వారానికి రెండు రోజులు పోయేవాణ్ణి. అందులో ఒక ఇంగ్లీషు వ్యాకరణం ఉంది, అట్ట ఊడినది. దాన్ని ఇంటికి ఇవ్వరు. అక్కడే కూర్చుని చదవాలి. పుస్తకాలు తీసిచ్చే పెద్దాయన తురక సాయిబు. నన్ను చూడగానే మొదట చేతులు చూపమనేవాడు. అయ్యకు సాయం చేసి వచ్చేవాణ్ణి కనుక గోళ్లలో మట్టి ఉండేది. "జర కడుక్కొని రా మియా. గీ కితాబుకు మస్తు మంది మట్టి పూసిన్రు, నువ్వు సుత పూయకు" అనేవాడు. నెలల తరబడి అదే పుస్తకం అడుగుతుంటే ఒకరోజు విసుక్కున్నాడు. "కానూన్ సదివితె షహర్ తెలుస్తదా? గల్లీల తిరుగాలె" అని, పాత ఇంగ్లీషు అఖ్బార్ల, అంటే పేపర్ల, కట్ట ఒకటి తెచ్చి నా ముందు పడేశాడు.

మాస్టరు ఇరవై ఏళ్లలో చెప్పని సంగతి ఆ సాయిబు ఒక్క విసుగులో చెప్పాడు. నేను ఒక నోటుబుక్కు కుట్టుకున్నాను. ఒక్కో ప్రిపోజిషన్‌కు ఒక్కో పేజీ. అఖ్బార్లలో అది కనిపించిన ప్రతి వాక్యం దాని పేజీలో రాసుకున్నాను. మన 'లో', 'మీద', 'కింద' పేరు వెనక నడుస్తాయి. వాళ్లవి పేరుకు ముందు నడుస్తాయి. ఈ పాటి ఎవరైనా చెబుతారు. అసలు కష్టం అది కాదు. కత్తితో కోశాడు, అన్నతో పోయాడు, జ్వరంతో పడుకున్నాడు. మన 'తో' ఒక్కటే ఎన్ని ఇళ్లలో పనిచేస్తుందో చూడండి. వాళ్ల 'ఎట్' కూడా అలాంటిదే, వాళ్ల 'ఆన్' కూడా అలాంటిదే. ఇంగ్లీషు మాట ఒకటి, తెలుగు మాట ఒకటి తెచ్చి ముడివేసి కూర్చోబెడితే ఆ రెండూ ఒక పూట కూడా కాపురం చెయ్యవు. పేజీలు నిండుతుంటే ఇది నాకే తెలిసింది. ఎవరూ తాళం వెయ్యలేదు.

ఇంట్లో ఇంకొక పాఠం దొరికింది. బంగళాకు ఇంగ్లండు సీమ నుంచి పూల విత్తనాలు పొట్లాల్లో వచ్చేవి. ఖాళీ పొట్లాలు అయ్య ఒక డబ్బాలో దాచుకునేవాడు. ఆయనకు అక్షరం రాదు. బొమ్మ చూసి ఏ పువ్వో గుర్తుపట్టేవాడు. వాటి వెనక ఇంగ్లీషులో ఎలా నాటాలో రాసి ఉంటుంది. నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. "మెత్తటి మట్టితో కప్పాలె అని ఉన్నది అయ్యా" అంటే, "ఊకె కప్పుడు కాదు. జల్లెడ పట్టి పైన చల్లాలె. గట్లనే రాసిండా?" అని అడిగేవాడు. మళ్లీ చూస్తే దాదాపు అలాగే ఉండేది. ఏది మొక్కల మధ్య, ఏది మొక్కల చుట్టూ, ఏది నీడ కింద, ఏది గోడ వెంబడి, ఆయన చేతులు చాచి చూపించేవాడు. 'బిట్వీన్' అనే మాట ఇప్పటికీ నాకు రెండు నారు మొక్కల నడుమ అయ్య పెట్టిన జానెడులాగే కనబడుతుంది. ఇంత నేర్పినవాడు, నువ్వు పంతులు దగ్గరికి పోతే బాగుపడేవాడివి అని మాత్రం మానలేదు.

పరీక్షకు వారం ముందు దర్జీ కొడుకు మా గది దగ్గరికి వచ్చాడు. నేను లేచి వచ్చేశానని వాడికేమీ కోపం లేదు, మాటలు పడ్డది నేను కదా. "ఏం లైబ్రరీ దొరా, గోదాంకు వస్తున్నవా?" అన్నాడు.

"వస్త. నువ్వు?"

"మా క్లాసుల పెద్దోళ్లం అందరం వస్తున్నం. ఇరవై ఏడూ నోటికొచ్చినయ్."

"గట్లనా. బిహైండ్ అంటే ఏంది?"

వాడు కళ్లు మూసుకున్నాడు. కుడిచెయ్యి తొడ మీద పడింది. పెదవులు కదలసాగాయి. ఇన్ అంటే లో, ఆన్ అంటే మీద. మా అమ్మ బిందె పట్టుకుని బావి దాకా పోయింది. వాడు ఇంకా దారిలోనే ఉన్నాడు. పందొమ్మిదో దాని దగ్గర కళ్లు తెరిచి, "ఎనుక" అన్నాడు.

"గిది చెప్పనీకి గింతసేపా?"

"వచ్చిందా రాలేదా, గది చెప్పు భాయ్."

వచ్చింది. దానికే నాకు దిగులేసింది. తొడ లేకుండా, తాళం లేకుండా, మొదలు లేకుండా వాడికి ఒక్క మాట కూడా రాదు. ఎక్కాలు అప్పజెప్పేవాడిలాగా ఎప్పుడూ ఒకటో దాని నుంచి బయలుదేరాల్సిందే. వాడు మొద్దు కాదు. ఒక్కసారి కొలిచి షేర్వాణీ కత్తిరించగలిగినవాడు. వాణ్ణి అలా చేసింది ఆ వసారా.

పరీక్ష రోజు ఉదయం గోదాము ముందు పది పన్నెండు మందిమి వరసలో నిలబడ్డాం. నాకు ముందు ఇద్దరి అవతల తెల్ల ధోవతి, నల్ల కోటు కనిపించాయి. చూస్తే మాస్టరు. చేతిలో అర్జీ కాగితం మడత పెట్టి ఉంది. మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. పిల్లలకు చెప్పలేదు, తనూ వచ్చాడు.

లోపల ఒక తెల్ల సార్జెంటు, ఒక మద్రాసు గుమాస్తా ఉన్నారు. గుమాస్తా బయటికి వచ్చి పరీక్ష ఏమిటో చెప్పాడు. వ్యాసం లేదు, ప్రశ్నలు లేవు. ఒక్కొక్కరికీ ఒక తగరపు డబ్బా ఇస్తారు. దాన్ని గోదాములో ఎక్కడైనా పెట్టి, ఎక్కడ పెట్టాడో ఇంగ్లీషులో చీటీ రాయాలి. వెనక వచ్చేవాడు ఆ చీటీ చదివి డబ్బా తేవాలి. రాసింది తెలియాలి, చదివిందీ తెలియాలి. ఆ గోదాములో జరిగే పని అదే కదా.

ఇది విన్నాక మాస్టరు మెల్లగా వరసలోంచి పక్కకు జరిగాడు. కాగితం కోటు జేబులోకి పోయింది. గేటు దగ్గరున్న వేపచెట్టు కిందికి పోయి నిలబడి, "భయపడకండ్రా, నేనిక్కడే ఉన్నాను. వరస తలుచుకోండి" అన్నాడు. అప్పటికప్పుడు అర్జీ పెట్టుకున్నవాడు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన గురువు అయిపోయాడు. అంత చురుకుగా ఆయన చేసిన పని నేను ఇంకొకటి చూడలేదు.

నా ముందువాడు చీటీలో మూడు మాటలు రాసి మిగతాది గీతలు గీశాడు. దాన్నిబట్టి ఎవరూ ఏమీ తేలేరని గుమాస్తాయే దాన్ని చింపేసి నాకు కొత్త డబ్బా ఇచ్చాడు. నేను డబ్బా పెట్టి చీటీ రాశాను. మూడో పీపా వెనక, గోడకు ఆనించి, రెండు తాళ్ల చుట్టల నడుమ. రాసి బయటికి వచ్చి చూస్తే నా వెనక ఉన్నది దర్జీ కొడుకు. నా చీటీ వాడి చేతికి పోయింది.

తలుపు దగ్గర నుంచి చూస్తున్నాను. వాడు మొదటి మాట చదివాడు. బిహైండ్. కళ్లు మూశాడు. చెయ్యి తొడ మీద పడింది.

సార్జెంటు గడియారం చూశాడు. నేను లోపల్లోపల వాడితో పాటు లెక్కపెడుతున్నాను. పది, పదకొండు. జీవితంలో ఆ పాటను నేను బతిమాలుకున్నది ఆ ఒక్కసారే. పదమూడు దగ్గర సార్జెంటు, "ఏమిటిది, చీటీయా, కీర్తనా?" అని ఇంగ్లీషులో కసిరాడు. వాడు ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. మళ్లీ మూశాడు. ఇన్ అంటే లో.

సార్జెంటు వాడి చేతిలోంచి చీటీ లాక్కుని గుమాస్తాతో, ఇది పనికిరాని చీటీ, రాసినవాడి పేరు కొట్టెయ్ అన్నాడు. గుమాస్తా కలం దించాడు. మా గది, అయ్య మోకాళ్లు, చెల్లెళ్లు, అన్నీ ఆ కలం కింద ఉన్నాయి. నేను తెల్లవాడితో అన్న మొదటి ఇంగ్లీషు వాక్యం అప్పుడు బయటికి వచ్చింది. ది పేపర్ ఈజ్ రైట్, సర్. గివ్ ఇట్ టు ఎనీ అదర్ మ్యాన్.

సార్జెంటు నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. గుమాస్తా ఆయన చేతిలోంచి చీటీ తీసుకుని లోపలికి పోయాడు. ఎక్కడా ఆగలేదు, వెతకలేదు. డబ్బా పట్టుకుని తిరిగొచ్చి బల్ల మీద పెట్టి, నా పేరు పక్కన ఏదో రాశాడు. అది కొట్టివేత కాదు.

బయట దర్జీ కొడుకు నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ చీటీ సక్కగనే ఉన్నది భాయ్. నా బండే ఆలస్యంగ బయలెల్లింది" అన్నాడు. మిగతావాళ్ల వంతులు కూడా అయ్యాక, చెట్టు కింది నుంచి మాస్టరు, "ఎవరికొచ్చింది?" అని అడిగాడు. నాకని చెప్పారు. "చూశారా, మనవాడే" అన్నాడు ఆయన.

వానలు పోకముందే మేం యూసుఫ్‌గూడలో రెండు గదులకు మారాం. అయ్య మంచం వాకిట్లో వేశాం, కూర్చుని దారి చూసుకునేవాడు. ఒకరోజు పని నుంచి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. ఎక్కడికి పోయాడని అమ్మను అడిగితే, సంచెడు జామకాయలు భుజాన వేసుకుని కట్టె ఊతంతో పంజగుట్ట పోయాడంది. మాస్టరుకు ఇచ్చి రావడానికి. నువ్వు పుచ్చుకున్న చదువుకు మేం ఏమీ ముట్టజెప్పలేదు కదా అని.

అయ్య వచ్చాక నేను గట్టిగానే అరిచాను. ఆయన నేర్పలేదని, తొమ్మిది రోజులేనని, వరసలోంచి పారిపోయాడని, అన్నీ చెప్పాను. పోయి అందరి ముందూ చెప్పొస్తానన్నాను. అయ్య మోకాళ్లు రుద్దుకుంటూ విన్నాడు. "ఆయన జామకాయలు తీసుకొని, నీ కొడుకు నా పేరు నిలబెట్టిండు అన్నడు. మస్తు ఖుషీ అయింది నాకు. గా ఖుషీ సుత గుంజుకుంటవా?" అన్నాడు.

నేను ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే నేను చేసిన తప్పు. దాని ఫలితం రెండేళ్లలో నా ముందుకే వచ్చింది. నా నౌకరీ కథ విని జనం పిల్లల్ని మాస్టరు దగ్గరికి తోలారు. వసారా చాలక బయట బండ మీద కూడా చాపలు పరిచారట. వాళ్లు పాట నేర్చుకుని మా గోదాముకే వచ్చారు. అప్పటికి డబ్బాలూ చీటీలూ ఇచ్చే పని నాది. "అన్నా, మనం ఒక్క సారు దగ్గరోళ్లమే" అని నవ్వుతూ నిలబడేవారు. చీటీ ఇవ్వగానే కళ్లు మూసేవారు, చెయ్యి తొడ మీద పడేది. నేను గడువు పెంచి చూశాను. సులువైన మాటలు రాసి చూశాను. ఎంత చేసినా వాళ్లు ఒకటో దాని నుంచే బయలుదేరేవారు. ఒక్కొక్కరినీ నేనే వెనక్కి పంపాను. నేను ఆ సాయంత్రమే నోరు విప్పి ఉంటే వాళ్లలో కొందరైనా వేరే దారి పట్టేవారు.

దర్జీ కొడుకును మాత్రం గ్రంథాలయానికి తీసుకుపోయాను. మూడు రోజులు వచ్చాడు. "గీడ సప్పుడే లేదు భాయ్, నిద్రొస్తున్నది" అని మానేశాడు. వాడి కత్తెర వాడికి అన్నం పెట్టింది, నా సాయం అవసరం పడలేదు.

ఇక కృతజ్ఞతలు. పేర్లు రాయను. పేర్లు రాస్తే వాటి పక్కన మాస్టరు పేరు వెతికేవాళ్లు ఉంటారు. చేతులు కడిగించి అఖ్బార్లు పడేసిన సాయిబుకు, ఎవరినీ అడగకుండా చీటీ పట్టుకుని లోపలికి నడిచిన మద్రాసు గుమాస్తాకు, నోటుబుక్కు కుట్టడానికి తన చీర అంచు దారం లాగి ఇచ్చిన మా అమ్మకు, నేను చదువుకునే పూట నా వంతు నీళ్లు మోసిన చెల్లెళ్లిద్దరికీ, తన డబ్బాలోని పొట్లాలన్నీ నాకిచ్చి, తను నేర్పిన సంగతి ఎన్నడూ నమ్మని మా అయ్యకు నా నమస్కారాలు. నేను వెనక్కి పంపిన కుర్రాళ్లకు కృతజ్ఞత చెప్పడం కుదరదు. వాళ్లకు నేను చెప్పాల్సింది వేరే మాట, తప్పు నాదని. అది సభలో లేచి చెప్పలేకపోయాను, ఇక్కడ చెప్పాను.